బీచ్‌లో ఎగరేసిన డ్రోన్‌ని శుభ్రం చేసుకోవడం ఎలా

డ్రోన్ పాడైందంటే ఏ చెట్టుకో కరెంటు తీగకో తగిలిందేమో అని అడుగుతారు అందరూ. నన్నడిగితే సముద్రం ఒడ్డున ఎగరేసేవాళ్లు చెట్ల కంటే ఇసుకకి ఎక్కువ భయపడాలి. అందులోనూ మన ఉత్తరాంధ్ర తీరంలో, కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు కదా, అవి మురికి కాదు. ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలు, వాటితోపాటు కొంత మాగ్నటైట్ కూడా ఉంటుంది. ఈ మాగ్నటైట్ అయస్కాంతానికి ఇట్టే అతుక్కుంటుంది. డ్రోన్ మోటారు పైన తిరిగే టోపీ లోపల చుట్టూ ఉండేవి బలమైన అయస్కాంతాలే. టేకాఫ్‌లో రెక్కల గాలికి లేచిన మామూలు ఇసుక చాలావరకు ఎగిరిపోతుంది గానీ ఆ నల్ల రేణువులు మాత్రం లోపలే పట్టుకుని, అయస్కాంతానికీ రాగి చుట్టకీ మధ్య మిల్లీమీటరు కూడా లేని సందులో గీసుకుంటూ తిరుగుతాయి.

కాబట్టి అసలు పని బీచ్‌లోనే మొదలవుతుంది. ల్యాండింగ్ ప్యాడ్ పరవండి, లేదంటే మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసి నాలుగు మూలలా రాళ్లు పెట్టినా చాలు. కారు బానెట్ మీద నుంచి లేపేవాళ్లని చూస్తుంటాను, ఆ ఇనుము పక్కన డ్రోన్‌లో దిక్కు చూసే కంపాస్ గందరగోళపడుతుంది, వద్దు. (ఎగరేసే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఎగరేయనిచ్చే జోన్‌లో ఉందో లేదో చూసుకోండి, విశాఖ చుట్టుపక్కల నేవీ స్థావరాలున్నాయి, అక్కడ వచ్చే టెన్షన్ ఏ బ్రష్షుతోనూ పోదు.)

ఇంటికొచ్చాక ముందు బ్యాటరీ తీసేయండి, ఆ తర్వాతే ఏదైనా. గుడ్డ పట్టుకుని తుడవడం మొదలుపెట్టకండి, ఇసుక ఉండగా తుడిస్తే బాడీ మీద, ముఖ్యంగా లెన్స్ మీద గీతలు పడతాయి. కెమెరావాళ్లు వాడే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, మూలల్లో మెత్తటి బ్రష్షు ఆడించండి. పంచర్ షాపు కంప్రెసర్‌తో కొట్టించేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ ఒత్తిడికి దుమ్ము బయటికి రాకపోగా బేరింగుల్లోకి దూరుతుంది, పైగా ఆ గాలిలో నీటి తుంపర్లు, నూనె కూడా వస్తాయి.

మోటార్ల దగ్గర మాత్రం తొందరపడకండి. ఒక్కోదాన్నీ వేలితో నెమ్మదిగా తిప్పి నాలుగింటినీ పోల్చి చూడండి. తిరిగేటప్పుడు కొద్దికొద్దిగా ఆగుతున్నట్టు తగలడం మామూలే, అది అయస్కాంతాల లాగుడు. గరగరమని శబ్దమొస్తే, లేదా మిగతా మూడింటి కంటే ఒకటి బిగుసుగా ఉంటే లోపల ఇసుక ఉన్నట్టే. డ్రోన్‌ని తలకిందులుగా పట్టుకుని, మోటారు తిప్పుతూ ఊదండి. నల్ల రేణువులు గాలికి రావు, అయస్కాంతం వదలదు కదా, అందుకని సెల్లో టేపుని జిగురు వైపు పైకొచ్చేలా టూత్‌పిక్‌కి చుట్టి, కనిపించిన చోటల్లా అద్ది తీయండి. రాగి తీగని గుచ్చకండి. నూనె, డబ్ల్యూడీ-40 లాంటి జిడ్డు స్ప్రేలు అస్సలు కొట్టొద్దు, ఆ జిడ్డుకి మళ్లీ ఎగరేసినప్పుడు రెట్టింపు దుమ్ము పడుతుంది. ఇంత చేసినా గరగర పోకపోతే ఆ మోటారు మార్పించాల్సిందే.

ఇక ఉప్పు. కంటికి కనబడదు, ఒడ్డున కాసేపు ఎగిరితే చాలు, పల్చగా పట్టేస్తుంది. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, మోటార్లుండే చేతులు, రెక్కలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. గాలి రంధ్రాల వైపు తడి పోనీయకండి. బ్యాటరీ కాంటాక్టులకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్ వాడండి. శానిటైజర్ జెల్ దానికి బదులు కాదు, అందులో గ్లిజరిన్, సెంటు ఉంటాయి.

రెక్కల అంచు వెంబడి గోరు పోనిచ్చి చూడండి. చిన్న గంటు తగిలినా మార్చేయండి, ఫెవిక్విక్‌తో అతికించే ఆలోచన పెట్టుకోవద్దు. మినీ రకం డ్రోన్లలో ఒక్కో మోటారుకి రెండు రెక్కలుంటాయి, ఒకటే దెబ్బతిన్నా రెండూ కలిపి మార్చాలి, లేకపోతే బరువు తేడాతో వణుకు పుట్టి వీడియో జెల్లీలా ఊగుతుంది. కొత్త రెక్కలతో వచ్చిన కొత్త స్క్రూలే బిగించండి, మోటారు మీదా రెక్క మీదా గుర్తులు కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి.

కెమెరాని ఊగకుండా పట్టి ఉంచే గింబల్‌ని బలంగా తిప్పకండి. కెమెరాని రెండు వేళ్లతో ఆనించి పట్టుకుని, ఊది, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి, బాడీ తుడిచిన గుడ్డ ఇక్కడికి రాకూడదు. అడుగునున్న సెన్సర్ల అద్దాలనీ ఇలాగే. ఆన్ చేసేముందు గింబల్ కవర్ తీశారా లేదా చూసుకోండి.

సముద్రంలో పడితే? చేతికి దొరికిన క్షణమే బ్యాటరీ తీయండి, ఆన్ చేసి చూడకండి, మంచినీళ్లతో బాగా కడగండి, ఎందుకంటే ఉప్పు ఉన్నంతసేపూ లోపలి బోర్డుని తింటూనే ఉంటుంది. బియ్యం డబ్బాలో పెడితే ఉప్పు పోదు. పూర్తిగా ఆరాక రిపేరు షాపుకి ఇవ్వండి. ఉప్పునీళ్లు తాగిన బ్యాటరీని మాత్రం మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో కూడా ఉంచొద్దు.

బాగున్న బ్యాటరీకీ జాగ్రత్తలున్నాయి. దిగిన వెంటనే వేడిగా ఉంటుంది, చల్లారాకే చార్జింగ్ పెట్టాలి, 5 నుంచి 40 డిగ్రీల మధ్య చార్జ్ చేయాలని కంపెనీలే చెబుతాయి, మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో అది దాటిపోతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. వారం పది రోజులు ఎగరేయనప్పుడు 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి, మూడు నెలలకోసారైనా తీసి చార్జ్ చేయండి. బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగుతున్నా, స్లాట్‌లో బిగుసుకుపోతున్నా ఉబ్బిందన్నమాటే. అలాంటిది ఎగరేయొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే.

ఇంత శ్రమ ఎందుకంటే, విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, విడిభాగాలకి మాత్రం ఆ నిషేధం లేదు. పోతే ఇంకోటి కొనుక్కోవడం కంటే రెక్కలు, మోటార్లు మార్చుకుంటూ ఉన్నదాన్ని నడుపుకోవడమే తేలిక.

శుభ్రం చేశాక నేరుగా నీళ్ల మీదికి పంపకండి. మనుషులు లేని చోట తల ఎత్తున ఒక నిమిషం నిలబెట్టి శబ్దం వినండి, దింపి, ఆఫ్ చేసి, రెక్కలు పూర్తిగా ఆగాక నాలుగు మోటార్లనీ వేలితో తాకి చూడండి. ఒకటి మాత్రం మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే టూత్‌పిక్, టేపు మళ్లీ తీయండి.