చెక్క మోటారు పడవ కట్టుకుందాం – 9వ పాఠం: నీటిలోకి దించడం, నడక సరిచేసుకోవడం

గత పాఠంలో పడవను బోర్లా ఉంచి అడుగుకు చివరి కోటు రంగు వేశాం. వారం రోజులు ఆరనివ్వమన్నాను. ఆరిన రంగు మీద బొటనవేలి గోరు నొక్కి చూడండి. గాటు పడిందంటే ఇంకో మూడు రోజులు ఆగండి. పడలేదంటే ఇక రేవుకు వెళ్ళే రోజు చూసుకుందాం.

ఇన్నాళ్ళూ మనం కడుతున్నది 14 అడుగుల పడవ. అడుగుకు 9 మి.మీ., పక్కలకు 6 మి.మీ. ప్లైవుడ్, వెనుక పలకకు 15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్. ఈ పాఠంలోని అంకెలన్నీ ఆ పడవవే. మీ పడవ కొలతలు వేరైతే లెక్క చేసే పద్ధతి తీసుకోండి, అంకెలు మీవి వేసుకోండి.

ఏ రోజు, ఏ వేళ

మాది కోనసీమ, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డు. ఇక్కడ ఏటినీరు సముద్రం చెప్పినట్టు వింటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, పాటు కూడా అంతే జోరు. కొత్త పడవను ఆ జోరు నీటిలో దించడం తగదు. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా తగ్గుతుంది. అష్టమి, నవములు శుభకార్యానికి పనికిరావని ఇంట్లో ఎలాగూ అంటారు. దశమి నాడు దించండి. ఇంట్లో పెద్దల మాటా నిలుస్తుంది, ఏరూ నెమ్మదిగా ఉంటుంది. పోటు నిండి, నీరు ఎటూ కదలకుండా నిలిచే సమయం కొద్దిసేపే. అప్పటికి పడవ ఒడ్డున సిద్ధంగా ఉండాలి. రోజు రోజుకూ పోటు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి, ముందురోజు రేవులో నిలబడి వేళ చూసుకుంటే మర్నాటి లెక్క తెలిసిపోతుంది.

ధవళేశ్వరం ఎగువనో, చెరువులోనో దించేవారికి ఈ పోటు బాధ లేదు. ఎక్కడైనా సరే, గోదావరికి ఎర్రనీరు వచ్చాక మాత్రం కొత్త పడవ దించకండి. ఆ నీటి అడుగున కొట్టుకొచ్చే దుంగ కంటికి కనిపించదు.

ఇసుక మీద ఈడ్చవద్దు. ఎనిమిది నెలల పని మీద గీతలు పడతాయి. అరటి బోదెలు నాలుగు అడ్డంగా పరిచి, వెనుక నుంచి ఖాళీ అయినదాన్ని ముందుకు తెచ్చి వేస్తూ పోతే నలుగురు మనుషులు చాలు. బోదె మెత్తగా ఉంటుంది, జారుతుంది, రంగు చెదరదు. కొబ్బరికాయ పడవ ముక్కు మీద కొట్టకండి. చెక్కకు పైన ఉన్న ఎపాక్సీ జిగురు పొర పగిలితే నీరు ప్లైవుడ్ పొరల్లోకి దిగడానికి అదే దారి అవుతుంది. కాయ ఒడ్డున రాయి మీద కొట్టి, నీళ్ళు ముక్కు మీద పోయండి. మా పడవకు మా అమ్మ అలాగే చేసింది.

మొదటి రోజు ఇంజన్ ఇంట్లోనే

ఇది చాలామందికి నచ్చదు. అయినా గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజు ఇంజన్ బిగించకండి. ఇంజన్ ఉంటే చెయ్యి ఆగదు. పడవ కారుతోందా, ఎటు వాలుతోంది, ఎంత మునిగింది అన్న మూడు సంగతులూ అది నిశ్చలంగా ఉన్నప్పుడే తెలుస్తాయి.

దించే ముందు లోపల అతుకులన్నిటి వెంబడి తెల్ల సుద్దముక్కతో మందంగా గీత గీయండి. వెనుక పలక మూలలు, ఇంజన్ బోల్టుల రంధ్రాలు, నీరు వదిలే బిరడా చుట్టూ కూడా. పడవను నీటిలో ఉంచి, తాడు కట్టి, లోపలికి ఎవరినీ ఎక్కనివ్వకుండా గంటసేపు వదిలేయండి. తర్వాత గీతల వెంట చూడండి. చెమ్మ తగిలిన చోట సుద్ద నల్లబడి ఉంటుంది. నీరు అడుగున పోగయ్యాక ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టలేం. సుద్ద మాత్రం మొదటి చుక్క ఏ అతుకులో పుట్టిందో చూపిస్తుంది.

రేవులో పెద్దవాళ్ళు ‘నాలుగు రోజులు నీళ్ళు తాగనివ్వు, అదే మూసుకుంటుంది’ అంటారు. పలకలు పేర్చి, నార కూరి కట్టిన నావలకు ఆ మాట నిజం. చెక్క నాని ఉబ్బి అతుకులు బిగుస్తాయి. మనది ప్లైవుడ్‌కు ఎపాక్సీ పూసిన పడవ, ఉబ్బకూడదు కూడా. మొదటి గంటలో కారిన చోటు ఏడాది తర్వాతా కారుతుంది. వెంటనే ఒడ్డుకు తెచ్చి, బాగా ఆరబెట్టి, ఆ చోట గీకి మళ్ళీ నింపండి. నా పడవలో కారింది ఒక్క చోటే, బిరడా రంధ్రం అంచున. రంధ్రం పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, మళ్ళీ తొలవమని 6వ పాఠంలో అన్నాను కదా, ఆ పని నేను తొందరలో ఒక వైపే చేశాను.

ఇక మునక లెక్క. నీటి గీత దగ్గర పడవ పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 1.15 మీటర్లు. ముక్కు సన్నబడుతుంది కాబట్టి ఆ గుణకారంలో పది వంతులకు ఎనిమిది తీసుకుంటే దాదాపు 3.3 చదరపు మీటర్లు. అంటే పడవ ఒక సెంటీమీటరు మునగాలంటే 33 కిలోలు ఎక్కాలి. పడవ 110, ఇంజన్ 50, నింపిన పెట్రోలు ట్యాంకు 12, ఇద్దరు మనుషులు 140, లంగరు, తాడు, తెడ్లు, జాకెట్లు 20. మొత్తం 332 కిలోలు, సుమారు పది సెంటీమీటర్ల మునక. ముక్కు దగ్గర, వెనుక పలక రెండు మూలల దగ్గర మాస్కింగ్ టేపు నిలువుగా అంటించి, సెంటీమీటర్లు రాసి పెట్టండి. ఇంజన్ బదులు వెనుక 50 కిలోల ఇసుక బస్తా పెట్టి ఇద్దరు ఎక్కండి. కుడి, ఎడమ మూలల్లో తేడా ఉంటే ట్యాంకు పక్కకు జరపండి. వెనుక మరీ కూరుకుపోతే ట్యాంకును ముందుకు తెండి. బరువు జరపడం ఖర్చు లేని పని, చెక్క కోయడం కంటే ముందు చేయాల్సిన పని.

ఇంజన్ బిగించాక

ఫ్యాను పైన నీటికి అడ్డంగా వెడల్పాటి రెక్క ఒకటి ఉంటుంది. ప్రొపెల్లర్‌ను మా రేవులో ఫ్యాను అంటారు, ఆ మాటే వాడుతున్నాను. ఆ రెక్క పడవ అడుగుతో సమంగానో, ఒక అంగుళం లోపు కిందకో ఉండాలి. చిన్న షాఫ్టు ఇంజన్‌కు వెనుక పలక ఎత్తు 15 అంగుళాలు, పెద్ద షాఫ్టుకు 20. మలుపులో ఇంజన్ ఒక్కసారిగా అరిచి, పడవ వేగం పడిపోయిందంటే ఫ్యాను పైనుంచి గాలి లాగుతోంది. ఇంజన్‌ను 10 మి.మీ. దించండి. అలా అని ఎక్కువ దించితే ఇంజన్ కింది భాగం నీటిలో ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు దండగ.

లైఫ్ జాకెట్ అందరికీ, తాళ్ళు కట్టుకుని. 2019లో కచ్చులూరు ప్రమాదం చూసిన ఈ ఏటి మీద ఆ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు. ఇంజన్ ఆపే తాడు మీ మణికట్టుకు. తెడ్లు పడవలో, కేకేస్తే వినబడే దూరంలో ఇంకో పడవ. ఏటిలో యంత్రంతో తిప్పే పడవకు రిజిస్ట్రేషన్ కావాలి, 2021 నాటి చట్టంలో ఉంది. ఆ కాగితం పని ముందే మొదలుపెట్టండి.

ఇంజన్ కొత్తదైతే మొదటి గంట సగం థ్రాటిల్ దాటకండి, మొదటి పది గంటలూ పూర్తి థ్రాటిల్ మీద ఐదు నిమిషాలకు మించి ఉంచకండి. స్టార్ట్ చేసిన వెంటనే ఇంజన్ పక్కనుంచి సన్నటి ధార పడుతోందా చూడండి. పడకపోతే ఆ క్షణమే ఆపేయాలి. లోపలి నీటి పంపు రబ్బరుది, పొడిగా తిరిగితే నిమిషాల్లో పోతుంది.

పడవ గెంతుతుంటే

నన్ను నెల రోజులు ఏడిపించిన జబ్బు ఇది, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. పడవ నీటిపైకి లేచి పరుగందుకోగానే ముక్కు పైకి, కిందికి, పైకి, కిందికి కొట్టుకుంటూ పోతుంది. వేగం పెంచితే ఇంకా ఎక్కువ.

నేను ఒకే సాయంత్రం ట్యాంకు ముందుకు జరిపాను, ఇంజన్ వాలు మార్చాను, ఫ్యాను కూడా మార్చాను. గెంతడం కొంత తగ్గింది. ఏది మార్చితే తగ్గిందో తెలియలేదు. మర్నాడు ఒకటి వెనక్కి తీస్తే మళ్ళీ మొదటికి వచ్చింది. అప్పటి నుంచి నా పద్ధతి ఇదే: ఒక్కటే మార్చు, రెండుసార్లు నడుపు, పుస్తకంలో రాయి, తర్వాతే రెండోది. మీరూ ఇలాగే చేయండి. నెమ్మది అనిపిస్తుంది గానీ ఇదే దగ్గరి దారి.

మొదట ఇంజన్ వాలు. బ్రాకెట్‌లో పిన్ను పెట్టే రంధ్రాలు వరుసగా ఉంటాయి. గెంతుతుంటే పిన్నును ఒక రంధ్రం పడవ వైపుకు జరపండి, ముక్కు దిగుతుంది. ముక్కు నీటిని తవ్వుకుంటూ హ్యాండిల్ బరువెక్కితే ఒక రంధ్రం బయటికి. దానితో సరిపోకపోతే ట్యాంకు ముందుకు. అప్పటికీ పోకపోతే పడవను ఒడ్డుకు తెచ్చి బోర్లించండి.

నాలుగడుగుల అల్యూమినియం మట్టపుబద్దను అడుగు వెనుక భాగంలో, పొడవు వెంబడి నిలబెట్టండి. చీకటి పడ్డాక అవతలి వైపు టార్చి పెట్టించండి. బద్ద కింద వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ అడుగు సమంగా లేదు. నా పడవకు బద్ద మధ్యలో ఆనింది. వెనుక పలక వైపు చివర రెండు రూపాయి బిళ్ళలు దూరేంత సందు. అంటే అడుగు చివర పైకి వంపు తిరిగింది. నీరు ఆ వంపు వెంట సాగి వెనుక భాగాన్ని కిందికి లాగుతుంది, ముక్కు లేస్తుంది, బరువుకు పడుతుంది, మళ్ళీ లేస్తుంది. అంత చిన్న సందుకే ఇదంతా. నేను ఆ చోట రంగు గీకి, చెక్కపొడి కలిపిన ఎపాక్సీ పూసి, బద్దతోనే లాగి సమం చేశాను. వెనుక అంచు మాత్రం గుండ్రం చేయలేదు, పదునుగా ఉంచాను. నీరు అక్కడ తెగిపోవాలి. మర్నాడు కాదు, వారం ఆగి దించాను. అదే ట్యాంకు, అదే పిన్ను, అదే ఫ్యాను. ముక్కు ఒక్కసారి లేచి, దిగి, అలాగే నిలిచిపోయింది. ఆ రోజు రేవు నుంచి లంక దాకా ఊరికే నాలుగుసార్లు తిరిగి వచ్చాను.

బద్ద మధ్యలో సందు ఉండి రెండు చివర్లా ఆనితే జబ్బు తిరగబడుతుంది, ముక్కు ఎప్పటికీ లేవదు. మందు మాత్రం అదే.

ఫ్యాను సరిపోయిందా

ఫ్యాను మీద రెండు అంకెలుంటాయి. మొదటిది అడ్డుకొలత, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో. పడవ నిజంగా అంత పోదు, నీరు జారుతుంది. ఆ జారుడు కొలుద్దాం. నా ఇంజన్ గేరు 2.08, అంటే ఇంజన్ 2.08 చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 5500 చుట్లు తిరిగితే ఫ్యాను 2644 తిరుగుతుంది. పిచ్ 10 అంగుళాలు కాబట్టి గంటకు 40 కిలోమీటర్లు పోవాలి. ఫోన్ జీపీఎస్‌లో వాలుకు 34, ఎదురుకు 30 వచ్చింది. రెండింటి సగటు 32. ఒక వైపే కొలిచి సంతోషపడకండి, అందులో ఏటి వేగం కలిసి ఉంటుంది. జారుడు నూటికి 20. మన పడవకు అది మంచి అంకె. 30 దాటితే ఫ్యాను రెక్కలు వంగాయేమో, గాలి లాగుతోందేమో చూడాలి.

ఇంజన్ పుస్తకంలో పూర్తి థ్రాటిల్ చుట్ల హద్దులు రాసి ఉంటాయి, నా దానికి 5000 నుంచి 6000. ఇద్దరం ఎక్కితే 5500. ముగ్గురు ఎక్కి వల కూడా పెడితే 4800కు పడిపోయింది. అలా ఈడ్చుకుంటూ నడిపితే ఇంజన్ ఆయుష్షు తరిగిపోతుంది. పిచ్ 9 అంగుళాల ఫ్యాను వేశాను, 5200కు వచ్చింది. బరువు మోసే రోజు అదే వేస్తాను. మీరు ఎప్పుడూ నలుగురితో వెళ్ళేవారైతే మొదటే తక్కువ పిచ్ కొనండి.

హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంటే ఫ్యాను పైన చిన్న తోక లాంటి లోహపు ముక్క చూడండి. పడవ ఎటు లాగితే దాని వెనుక కొసను అటే కొద్దిగా తిప్పి బిగించండి. బోల్టు పావు చుట్టు వదిలితే చాలు.

వచ్చే పాఠానికి ముందు ఒక పుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: ఏమి మార్చారు, ఎంతమంది ఎక్కారు, ఇంజన్ చుట్లు, రెండు వైపుల వేగం. కనీసం ఆరు వరుసలు నింపి ఉంచండి. 10వ పాఠంలో ఆ అంకెలతోనే పెట్రోలు ఖర్చు లెక్క కడదాం.