చూపు లేని స్నేహితుడితో కలిసి కాగితపు బొమ్మ చేయడం ఎలా?

శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1956-57 ప్రాంతంలో కంటి శస్త్రచికిత్స తర్వాత చూపు పూర్తిగా పోయింది. అప్పటికే యాభై దాటిన ఆయన బొమ్మలు మానలేదు. రంగు కాగితాలు కత్తిరించి అతికించారు. 1972లో అక్కడి చిత్రకళా విద్యాలయం కళాభవన్ గోడపై పింగాణీ పలకలతో కుడ్యచిత్రం చేశారు. ఆ కత్తిరింపుల పని మన ఇళ్లలోనూ చేయవచ్చు.

ముందు దళసరి అట్ట, గరుకు కాగితం, నున్నని రంగు కాగితం, నూలు దారం, జిగురు, మొద్దు మొన కత్తెర తీసుకోండి. అంచులున్న పళ్లెంలో ఎడమ నుంచి కుడికి పేర్చి, ఏది ఎక్కడుందో మీ స్నేహితుడికి చెప్పండి. ఆ తర్వాత మీరు దేన్నీ కదపవద్దు. కత్తెర జానెడు జరిగినా అతడికి మళ్లీ వెతుకులాటే.

ఏ బొమ్మో అతడే ఎంచుకోవాలి. చేప అనుకుందాం. మనకు చేప అంటే పక్కనుంచి కనిపించే ఆకారం. అతడికి తెలిసిన చేప చేతిలోంచి జారేది, తోక నుంచి తలవైపు నిమిరితే పొలుసులు గరగరలాడేది కావచ్చు. అప్పుడు వీపుకు గరుకు కాగితం, పొట్టకు నున్నటిది కోరతాడు. మీ కళ్లలోని చేపను దయచేసి అతడి చేతిలో పెట్టవద్దు.

కత్తిరించాల్సిన చోట కాగితాన్ని మడిచి గోటితో గట్టిగా నొక్కితే, ఆ మడతే గీత అవుతుంది. కత్తెర వద్దంటే చించనివ్వండి. చించిన అంచు వేలికి ఇంకా బాగా తెలుస్తుంది.

అతికించే ముందు ముక్కలను అట్టపై పేర్చి తడిమి చూడాలి. బ్రెయిలీ అక్షరంలో చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు. బ్రెయిలీ అలవాటు లేని వేలికి అంతకంటే ఎక్కువ ఖాళీ కావాలి కాబట్టి ముక్కల మధ్య అర సెంటీమీటరు వదలండి. ఒకదానిపై ఒకటి ఎక్కితే ఆకారం తెలియదు.

రంగుల మాట దాటవేయకండి. మధ్యలో చూపు పోయినవారికి రంగులు జ్ఞాపకంలో ఉండవచ్చు. ఉత్త పసుపు అంటే చాలదు, నిమ్మపండు పసుపా, పసుపుకొమ్ము పసుపా చెప్పండి. పుట్టుకతో చూపు లేనివారికి ఎరుపంటే వేడి అని మీరే తేల్చేయకుండా, రంగు గురించి ఏం తెలుసుకోవాలని ఉందో అడగండి.

జిగురు ఆరాక రెండు అరచేతులతో మొత్తం బొమ్మను, తర్వాత వేళ్లతో అంచులను చూస్తాడు. కన్ను ఒక్కసారిగా అందుకున్నదాన్ని చేయి కొంచెం కొంచెంగా కూడగట్టుకుంటుంది, తొందరపెట్టవద్దు. అతడి వేలు పట్టుకుని లాగకండి. ఏదైనా చూపాలంటే మీ చేతిని అతడి చేతి కింద ఉంచండి.

గోడకు పెట్టేటప్పుడు అద్దం వేయకుండా, చేయి అందే ఎత్తులో పెట్టండి.