ఇంటి దగ్గరే లారీ క్యాబిన్ దించే ముందు

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముందు బండ్లు బారులు తీరకముందే మరమ్మతులు ముగించాలని అందరికీ తొందర. ఛాసిస్ మీంచి క్యాబిన్ లేపి దించే ముందు ఇవి చూసుకోండి.

• వేలాడుతున్న క్యాబిన్ కింద ఎవరూ తల పెట్టకూడదు. వేపకొమ్మకు గొలుసు కట్టడం అసలే వద్దు. కొమ్మ చెప్పి విరగదు.

• టిల్ట్ క్యాబిన్ (ముందుకు వంగేది) అయితే దాన్ని లేపడానికి తోడ్పడే టార్షన్ బార్‌లో, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలో, బిగువు దాగి ఉంటుంది. తెలిసిన మెకానిక్ లేకుండా దాని బోల్టు ముట్టుకోవద్దు.

• గొలుసు క్యాబిన్ అడుగున ఉన్న దూలాలకే వేయాలి. పైకప్పు పట్టి లేపితే తలుపుల పక్క స్తంభాలు వంగుతాయి, ఆ తలుపులు మళ్లీ సరిగా పడవు.

• రెండంగుళాలు లేపి ఆపండి, చుట్టూ తిరిగి చూడండి. క్లచ్ పైపు, గేరు రాడ్డు, ఎయిర్ గొట్టాలు, వెనక మూల ఎర్త్ తీగ... విప్పడం మరిచినది ఏదో ఒకటి తాడులా బిగుసుకుని కనిపిస్తుంది.

• స్టీరింగ్ జాయింటు విప్పే ముందు, మళ్లీ అదే చోట కలిపేందుకు దాని మీద పంచ్‌తో గుర్తు పెట్టండి. సుద్ద గీత గ్రీజులో కలిసిపోతుంది.

• బ్రేకుల ఎయిర్ ట్యాంకు ఖాళీ చేసే ముందే బండిని నిలవాల్సిన చోట నిలపండి. గాలి పోతే స్ప్రింగ్ బ్రేకులు పట్టేస్తాయి, ఇక కదలదు. అవి లేని పాత బండికైతే ఉన్న బ్రేకూ పోతుంది కాబట్టి చక్రాలకు చెక్కలు తప్పనిసరి.

• నల్లరేగడి నేలైతే జాకీ కింద మందపాటి పలక వేయండి.