సరిహద్దు జిల్లాల వార్డులో సైకోసిస్ ఉన్నవారితో మాట వైద్యం

సైకోసిస్ అంటే ఎవరూ లేకున్నా గొంతులు వినిపించడం, అకారణంగా అనుమానించడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు. దాంతో ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ పల్లెల నుంచి వచ్చి వార్డులో చేరిన మన తెలుగువాళ్లలో ఒడియా అంతగా రానివాళ్లుంటారు. అసలే అనుమానంతో ఉన్న మనిషికి, అర్థంకాని గుసగుసలన్నీ తన గురించేననిపిస్తుంది. కాబట్టి ముందు భాష సంగతి చూడండి. తెలుగు వచ్చిన సిస్టర్‌నో అటెండర్‌నో పిలవండి. భార్యనో అన్ననో దుబాసీగా పెట్టొద్దు. అనుమానం వాళ్లమీదే ఉంటే రోగి నోరు విప్పడు.

రోజూ 10, 15 నిమిషాలు చాలు. మందు మత్తు తగ్గాక, టీ తాగిన తర్వాత కూర్చోండి. తలుపుకు అడ్డంగా కూర్చోవద్దు. అతను మాటిమాటికీ లేస్తూ కాళ్లు కదుపుతుంటే వినడం ఇష్టం లేదనుకోకండి, హాలోపెరిడాల్ లాంటి మందుల వల్ల అలా నిలకడ లేకుండా పోతుంది. డాక్టరుకు చెప్పండి.

"ఎన్ని గొంతులు? ఎప్పుడు వినిపిస్తాయి? ఏమంటాయి?" అని అడగండి. చచ్చిపొమ్మంటున్నాయా, ఎవరినైనా కొట్టమంటున్నాయా అన్నదీ సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఔనంటే వెంటనే డ్యూటీ డాక్టరుకు తెలియాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి.

చాలామంది తడబడేది, తనకెవరో చిల్లంగి (చేతబడి) పెట్టారని రోగి అన్నప్పుడు. "అదంతా భ్రమ" అంటే మీరూ శత్రువుల్లో కలిసిపోతారు. తనకు జరుగుతున్నదానికి అతని దగ్గరున్న వివరణ అదొక్కటే, దాన్ని లాగేస్తే మిగిలేది భయమే. అలాగని "ఔను, పెట్టారు" అనీ అనొద్దు. "బాబూ, ఆ గొంతు నాకు వినపడలేదు. మీకు వినపడుతోందంటే నమ్ముతున్నాను. రాత్రి నిద్ర పట్టిందా?" అనండి. నమ్మకం కుదిరాక, కొన్నాళ్లకు, వేరే కారణం ఉండొచ్చా అని కలిసి వెతకవచ్చు.

గొంతులు తగ్గడానికి కూనిరాగం తీయడం, పైకి చదవడం, పక్కవాళ్లతో మాట్లాడడం ఒక్కొక్కటే 5 నిమిషాలు చేయించి చూడండి. ముందూ తర్వాతా పదికి ఎంత గట్టిగా ఉన్నాయో రాయించండి. ఇయర్‌ఫోన్లూ కొందరికి పనిచేస్తాయి, కానీ ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ల దగ్గర వైరు ఉండకూడదు.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే సంస్థ నైస్ 2014 నాటి మార్గదర్శకాలు, ఈ మాట వైద్యం ఒక్కొక్క రోగితో విడిగా కనీసం 16 సిట్టింగులు ఉండాలన్నాయి. వార్డులో అన్ని కుదరవు. మిగతావి ఓపీలో పూర్తిచేయాలి. డిశ్చార్జికి ముందు రోగి మాటల్లోనే ఒక తెలుగు కాగితం రాయండి: నిద్ర పట్టకపోవడం, అన్నంలో ఏదో కలిపారనడం వంటి తొలి గుర్తులు, అప్పుడు ఎవరికి చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఒక ప్రతి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి, అదీ రోగి ఒప్పుకుంటేనే.