యుద్ధ దేశంలో మనవాళ్ల ఫోన్ ఆగిపోతే

లిబియా వెళ్లిన మా పిన్ని కొడుకు ఫోన్ ఆగిపోయాక పదకొండు రోజులు మలక్‌పేటలో ఏడుస్తూ కూర్చున్నాం. మీరు అలా ఆగకండి.

మొదటి రోజే పాస్‌పోర్ట్ జిరాక్స్, వీసా, ఏజెంట్‌కు డబ్బు కట్టిన రసీదు ఒకచోట పెట్టండి. వాట్సాప్ వాయిస్‌లు ఒక్కటీ తీసేయొద్దు. కొడుకు గొంతు వినలేక పిన్ని ఒకటి డిలీట్ చేసింది. వాడు ఉన్న ఊరి పేరు అందులోనే చెప్పాడు.

తర్వాత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ వేసి ఎంబసీకి మెయిల్ చేయండి. యుద్ధం వల్ల ఎంబసీ పక్క దేశానికి మారి ఉండొచ్చు. లిబియా పనులు చాలా ఏళ్లు ట్యునీషియా నుంచే చూశారు. బేగంపేట ప్రజాభవన్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు అడగండి. రెడ్‌క్రాస్‌కూ రాయండి, తప్పిపోయినవాళ్లను ఉచితంగా వెతుకుతారు.

డబ్బిస్తే విడిపిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే, మీవాడికి మాత్రమే తెలిసిన ప్రశ్న అడగండి. మేము చిన్నప్పటి మేక పేరు అడిగాం. అవతల ఫోన్ పెట్టేశారు. వెంటనే పోలీసులకు చెప్పండి. అధికారులను అడగకుండా టీవీవాళ్లకు ఫొటో ఇవ్వొద్దు.

డీఎన్‌ఏ కోసం రక్తం అడిగితే ఇవ్వండి. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో కిడ్నాపైన 39 మంది భారతీయుల శవాలను 2018లో గుర్తించింది దాంతోనే. రక్తం ఇస్తే ఆశ వదులుకున్నట్టు కాదమ్మా. 2015లో లిబియా సిర్తేలో కిడ్నాపైన ఇద్దరు తెలుగు అధ్యాపకులు ఏడాది దాటాక, 2016 సెప్టెంబర్‌లో విడుదలయ్యారు.