యూత్ క్లాసులో ప్రాయశ్చిత్తం పాఠం ఎలా చెప్పాలి

ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం దగ్గర పడిందంటే సండేస్కూల్ టీచర్లకీ యూత్ లీడర్లకీ ఒకటే టెన్షన్. సిలువ కథ చెప్పడం కష్టం కాదు, యేసుని పట్టుకున్న గెత్సేమనే తోట నుంచి సిలువ వేసిన గొల్గొతా దాకా అందరికీ వచ్చు. "ఆయన చనిపోతే నా పాపం ఎలా పోతుంది?" అని పదో తరగతి పిల్ల అడిగినప్పుడే నోట మాట రాదు. నేను మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు, దేవుడికి మన మీద కోపం వచ్చింది, ఆ దెబ్బ మనకు తగలకుండా కొడుకు మీద పడింది అని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి "అంటే మా నాన్న తాగొచ్చి, నా మీద కోపం తమ్ముడి మీద తీర్చుకుంటాడే, అలాగా అన్నా?" అంది. అప్పటి నుంచి ఈ పాఠం మొత్తం తిరగేసి చెబుతున్నాను.

ముందు బోర్డు మీద 'ప్రాయశ్చిత్తం' అని రాసి, ఈ మాట బయట ఎక్కడ విన్నారో అడగండి. తప్పు చేసినవాడు తానే ఉపవాసమో దానమో ఇంకేదో కష్టమో మోసి ఆ తప్పు పోగొట్టుకోవడం అని చెబుతారు, మామూలు తెలుగులో దాని అర్థం అదే. మన బైబిల్లో ఆ మాటే ఉంది కానీ చేసేవాడు మారిపోయాడు. లేవీయకాండం 17:11 చదివించండి. బలిపీఠం మీది రక్తం గురించి దేవుడు 'దానిని మీకిచ్చితిని' అంటున్నాడు. మనం దేవుడికి ఇచ్చి ఆయన్ని చల్లార్చడం కాదు, ఆయనే మనకిస్తున్నాడు. ఈ దిక్కు పిల్లలకి పట్టుబడేదాకా ముందుకి వెళ్లకండి, పావుగంట పట్టినా పర్వాలేదు.

తర్వాత లేవీయకాండం 16. ఏడో నెల పదో రోజు, ఏడాదికి ఒక్కసారి, రెండు మేకలు, ఏది దేనికో తేల్చడానికి వాటి మీద చీట్లు వేస్తారు. ఒకదాన్ని వధించి దాని రక్తం ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలోకి తీసుకెళ్లి మందసం (దేవుడి ఆజ్ఞల పలకలున్న పెట్టె) మీది మూత, అంటే కరుణాపీఠం దగ్గర చల్లుతాడు. రెండోదాని తల మీద రెండు చేతులూ ఉంచి జనం పాపాలన్నీ ఒప్పుకుని అరణ్యంలోకి పంపేస్తాడు. దీన్ని క్లాసులో చేసి చూపించొచ్చు, కానీ పిల్లల్లో ఎవరినీ మేకగా నిలబెట్టొద్దు, అట్టముక్కతో చేసిన బొమ్మ చాలు. మోసుకుపోవడం, శుద్ధి చేయడం అనే రెండు పనులూ కళ్ల ముందు కనబడాలి, అంతే. ఎద్దుల, మేకల రక్తం పాపాల్ని తీసివేయడం అసాధ్యమని హెబ్రీ 10:4 చెబుతుందని వెంటనే కలపండి.

ఇక్కడ చాలామంది సిద్ధాంతాల జాబితా మొదలెడతారు. మీరు మాత్రం మన తెలుగు బైబిల్లోని మాటలు పట్టుకోండి. 'విమోచన క్రయధనం' బానిసల్ని విడిపించే సొమ్ము, 'నీతిమంతులని తీర్చబడుట' కోర్టు మాట, 'సమాధానపరచుట' తెగిపోయిన బంధం అతకడం. రోమా 3:25లో 'కరుణాధారము' దగ్గర మాత్రం ఆగండి. గ్రీకులో అక్కడున్న పదమూ, హెబ్రీ 9:5లో 'కరుణాపీఠము' అని తెలుగు చేసిన పదమూ ఒకటే. అంటే ఏడాదికొకసారి తెర వెనక ఒక్క మనిషి చూసిన చోటు ఇప్పుడు ఊరి బయట కొండ మీద, అందరి కళ్ల ముందు నిలబడింది. నాకు ఎన్నిసార్లు చెప్పినా గొంతు పూడుకుపోతుంది ఇక్కడ. హెబ్రీ 7:22లో 'పూటకాపు' అనే మాట కూడా చూపించండి, జామీను సంతకం పెట్టినవాడు అని చెబితే చిట్టీలు కట్టే ఇళ్ల పిల్లలకి వేరే వివరణ అక్కర్లేదు. కొలొస్సీ 2:14లో మేకులతో సిలువకు కొట్టిన ఋణపత్రం కూడా ఈ కోవదే.

పెద్ద పిల్లలుంటే చరిత్ర రెండు ముక్కల్లో చెప్పండి. సంఘాలు ఆరాధనలో చెప్పుకునే పాత ఒప్పుకోలు, నైసియా విశ్వాస ప్రమాణం, క్రీస్తు 'మన కొరకు' సిలువ వేయబడ్డాడంటుంది, ఆ మరణం ఎలా పనిచేస్తుందో విడమర్చి చెప్పదు. ప్రభువులూ సామంతులూ ఉన్న కాలంలో, సుమారు 1098లో, వేదాంతి అన్సెల్మ్ దాన్ని దేవుడి గౌరవానికి పడిన బాకీగా వివరించాడు, ఆయన తర్వాతి తరం వేదాంతి అబేలార్డ్ మన గుండె కరిగించే ప్రేమగా చూశాడు. న్యాయశాస్త్రం చదివిన ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్, మన శిక్ష క్రీస్తు మోశాడని శిక్ష భాషలో చెప్పాడు, 1930లో స్వీడన్ వేదాంతి గుస్టాఫ్ ఔలెన్ మరణం మీద, చీకటి శక్తుల మీద గెలుపే పాత సంఘపు ప్రధాన చిత్రమని గుర్తు చేశాడు. ఒక్క చిత్రాన్నే పట్టుకుని మిగతావి తప్పంటే బైబిల్ మాటల్లో సగం వదిలేసినట్టే అవుతుంది.

"దేవుడు ఊరికే క్షమించలేడా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. స్నేహితుడికి యాభై వేలు అప్పిచ్చి, వాడు కట్టలేకపోతే వదిలేశారనుకోండి, ఆ యాభై వేలు గాల్లో కలిసిపోలేదు, మీ జేబుకే చిల్లు పడింది. క్షమించినవాడే నష్టం మోస్తాడు. సిలువ మీద దేవుడు ఎవరో మూడో మనిషి మీద భారం వేయలేదు, తానే మోశాడు. అందుకే 2 కొరింథీ 5:19 దేవుడు 'క్రీస్తునందు' లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అంటుంది.

రైలుని కాపాడడానికి కొడుకుని వంతెన యంత్రంలో నలిగిపోనిచ్చిన తండ్రి కథ చెప్పొద్దు. ఆ కథలో కొడుక్కి ఏమీ తెలియదు. యోహాను 10:18లో యేసు తన ప్రాణం ఎవడూ తీసుకోడనీ, తనంతట తానే పెడుతున్నాననీ అంటున్నాడు. తండ్రీ కుమారుల మనసు ఒకటే అన్న మాట ఎక్కడ తెగిపోతే అక్కడ పాఠం పాడవుతుంది.

చివరి పది నిమిషాలు మీరు మాట్లాడకండి. యెషయా 53 తలా ఒక వచనం చదివించి, పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మనండి, వచ్చే వారం వాటితోనే మొదలెట్టొచ్చు. ఒకవేళ ఆ వెనక బెంచీ అమ్మాయి అడిగినట్టు ఎవరైనా అడిగితే, దాన్ని వేదాంత ప్రశ్నగానే తీసుకుని జవాబు చెప్పేసి వదలొద్దు. క్లాసయ్యాక ఒక అక్కని తోడు పెట్టుకుని ఆ పిల్లతో విడిగా కూర్చోండి, ఇంట్లో ఏం జరుగుతోందో నెమ్మదిగా అడగండి.