క్రూజ్‌కి ముందు జబ్బు పడి లేచారా? కోలుకున్నట్టు కాగితాలు ఇలా సిద్ధం చేసుకోండి

క్రూజ్‌కి రెండు వారాలుందనగా జ్వరం తగిలితే ముందు పట్టుకునే టెన్షన్ జ్వరం గురించి కాదు, టికెట్ గురించి. జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది, మనిషి లేచి తిరుగుతాడు. అసలు సంగతి ఓడరేవులో మొదలవుతుంది. చెకిన్ దగ్గర ఇచ్చే హెల్త్ ఫారంలో "గత కొద్ది రోజుల్లో జ్వరం, దగ్గు, వాంతులు, విరేచనాలు వచ్చాయా?" అని ఉంటుంది. "వచ్చాయి, తగ్గిపోయాయి" అని నోటితో చెబితే అక్కడెవరూ నమ్మాల్సిన పని లేదు.

మా అత్తగారికి న్యుమోనియా తగ్గాక ఒకసారి ఇలాగే బయల్దేరాం. ఆవిడ చేతిలో డాక్టర్ చీటీ ఉంది కదా అని ధీమాగా వెళ్లాం. అందులో ఉన్నది ఒకటే వాక్యం: "ఈమె ఆరోగ్యంగా ఉన్నారు, ప్రయాణం చేయవచ్చు." కింద తేదీ 03/04. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆ తేదీ మీద వేలు పెట్టి, "మేడమ్, ఇది మార్చి 4వ తేదీనా, ఏప్రిల్ 3వ తేదీనా?" అని అడిగింది. మార్చి 4 అయితే ఆ చీటీ ఆవిడ జబ్బు పడకముందే రాసినట్టు! ఓడలోంచి నర్సును పిలిపించారు. వెనక క్యూ పెరిగిపోతోంది, ఆవిడ ముఖం చిన్నబోయింది. చివరికి నా ఫోన్లో ఎక్కడో పడి ఉన్న ఎక్స్‌రే రిపోర్టు దొరికింది. దాని మీద నెల పేరు అక్షరాల్లో ఉంది కాబట్టి బతికిపోయాం.

అప్పటినుంచి నాకు అర్థమైంది ఇదే: ఆ కాగితాల్లో "బాగున్నారు" అనే మాటకు విలువ తక్కువ, తేదీలకు ఎక్కువ.

ముందు, వాళ్లెందుకు అడుగుతున్నారో తెలుసుకోండి

ఓడవాళ్లకు ఉండే భయాలు రెండు. మీ జబ్బు పక్కవాళ్లకు అంటుకుంటుందా అన్నది మొదటిది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా దగ్గర ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే, 700 మందికి పైగా కోవిడ్ సోకింది. అంతకు ముందూ ఆ తర్వాతా కూడా ఓడలకు మామూలుగా ఉండే బెడద నోరోవైరస్. వైరస్ ఒంట్లోకి వెళ్లిన 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. శానిటైజర్ దీని మీద పెద్దగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. వేలమంది ఒకే మెట్ల రెయిలింగ్ పట్టుకుని, ఒకే బఫేలో గరిటెలు ముట్టుకునే చోట ఒక్కరు చాలు. పైగా అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, ఓడలో జబ్బుపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది రేవు అధికారులు అడిగితే కెప్టెన్ రాతపూర్వకంగా ఇవ్వాలి. అంటే మీరు నింపే ఫారం వెనక ఆయన సంతకం కూడా ఉంది.

రెండో భయం, నడిసముద్రంలో మీకు తిరగబెడితే ఏం చేయాలన్నది. ఓడలో ఉండేది చిన్న క్లినిక్. డాక్టర్, నర్సులు, ప్రాథమిక పరీక్షలు ఉంటాయి, పెద్దాసుపత్రి ఉండదు.

కాబట్టి మీ దగ్గరున్న ప్రతి కాగితం ఈ రెంటిలో ఏదో ఒకదానికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే అది ఫైల్లో బరువు మాత్రమే.

1. మీ ఓడ నిబంధన ఏమిటో రాతలో తెప్పించుకోండి

బంధువులు పోయినేడాది వెళ్లొచ్చినప్పుడు ఏం అడిగారన్నది పక్కన పెట్టండి. కంపెనీని బట్టి, ఓడ ఆగే దేశాలను బట్టి నిబంధనలు మారతాయి. బుకింగ్ నంబరు వేసి ఈమెయిల్ రాయండి: ఫలానా తేదీన ఫలానా జబ్బు వచ్చింది, ఫలానా తేదీకి తగ్గింది, ఎక్కేటప్పుడు ఏ పత్రాలు కావాలి, అవి ఎన్ని రోజుల్లోపు తీసుకున్నవై ఉండాలి? ఫోన్లో "ఏం పర్లేదండీ, వచ్చేయండి" అన్న మనిషి కౌంటర్లో ఉండడు. ఈమెయిల్ జవాబైతే ప్రింట్ తీసి చూపించొచ్చు.

నమూనాగా ఒక పాత నిబంధన చెబుతాను. 2021 జనవరి 26 నుంచి 2022 జూన్ 12 వరకు, విమానంలో అమెరికా వెళ్లేవాళ్లు కోవిడ్ నెగటివ్ రిపోర్టు చూపించాలి, లేదా కోలుకున్నట్టు రుజువు చూపించాలి. ఆ రుజువులో రెండు కాగితాలుండేవి: గత 90 రోజుల్లో వచ్చిన పాజిటివ్ రిపోర్టు, ప్రయాణానికి అభ్యంతరం లేదని డాక్టర్ లేదా ఆరోగ్యశాఖ అధికారి ఇచ్చిన లెటర్. పాజిటివ్ రిపోర్టు రుజువేంటి అని అప్పట్లో చాలామంది తికమకపడ్డారు. ఆ జబ్బు నిజంగా ఎప్పుడొచ్చిందో చెప్పేది అదొక్కటే మరి. ఆ నిబంధన పోయింది కానీ ఆ పద్ధతి మాత్రం ఏ జబ్బుకైనా పనికొస్తుంది: వచ్చినట్టు ఒక కాగితం, పోయినట్టు ఒక కాగితం.

2. మంచం మీద ఉన్నప్పుడే తేదీలు రాయడం మొదలుపెట్టండి

నోట్‌బుక్ అయినా సరే, ఫోన్లో నోట్స్ అయినా సరే. తగ్గాక కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే రోజులు కలిసిపోతాయి. జ్వరానికైతే టెంపరేచర్‌తో పాటు మాత్ర వేసుకున్న టైము కూడా రాయాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. పారాసెటమాల్ పనిచేస్తున్నంతసేపు జ్వరం లేనట్టే కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు. ఫ్లూ లాంటివాటికి సాధారణంగా చూసేది, మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉందా అని.

మూడు లైన్లు చాలు, ఇలా:

6 మే, రాత్రి 9: 99.8. పారాసెటమాల్ వేసుకున్నాను. ఇదే ఆఖరుది.
7 మే, ఉదయం 7: 98.4. మాత్ర లేదు. దగ్గు కొంచెం ఉంది.
8 మే, ఉదయం 7: 98.2. ఆఖరి మాత్ర వేసి 34 గంటలు.

కడుపు జబ్బయితే టెంపరేచర్ కంటే ముఖ్యం ఆఖరి వాంతి, ఆఖరి విరేచనం ఏ రోజు, ఏ టైముకి అయ్యాయన్నది. సిగ్గుపడకుండా రాసుకోండి, ఓడ నర్సు అడిగేదీ అదే.

మీరు రాసుకున్నది రుజువు కాదు. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన లెటర్లో వేసే తేదీలు ఇందులోంచే వస్తాయి.

3. రిపోర్టులు ఒరిజినల్ రూపంలో దాచండి

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కాకుండా ల్యాబ్ ఇచ్చే పీడీఎఫ్ తీసుకోండి. అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. ల్యాబ్‌లో ముద్దుపేరో, ఇంటిపేరు లేని పేరో చెప్పేసి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. శాంపిల్ తీసుకున్న తేదీ వేరు, రిపోర్టు వచ్చిన తేదీ వేరు, రెండూ కనబడాలి. ఆసుపత్రిలో చేరి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ తప్పనిసరి.

ఇంకొకటి. తగ్గింది కదా, మనసు కుదుటపడటానికి ఇంకోసారి పీసీఆర్ చేయించుకుందాం అనుకోకండి, ఓడవాళ్లు అడిగితే తప్ప. కోవిడ్ తగ్గినవాళ్లలో కొందరికి 90 రోజుల దాకా కూడా పీసీఆర్ పాజిటివ్ రావొచ్చు, వాళ్ల నుంచి ఎవరికీ అంటకపోయినా సరే. లేని సమస్యను కొని తెచ్చుకున్నట్టవుతుంది.

4. డాక్టర్ లెటర్: టైము పెట్టాల్సింది ఇక్కడే

మీకు వైద్యం చేసిన డాక్టర్ దగ్గరే తీసుకోండి. కొత్త డాక్టర్ అయితే ఆయన చూసింది ఈరోజు మిమ్మల్నే, అప్పటి జబ్బును కాదు. మరీ ముందుగా తీసుకుంటే కాగితం పాతబడుతుంది, బయల్దేరే రోజు పొద్దున పరిగెడితే ఆయన దొరకరు. కంపెనీ గడువు చెప్పకపోతే ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు సరైన టైము. లెటర్ ఇంగ్లీషులో ఉండాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్, డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు, సంతకం, ముద్ర ఉండాలి.

డాక్టర్లకు తీరిక తక్కువ. "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి" అంటే అలవాటైన ఆ ఒక్క వాక్యమే రాసిస్తారు, మా అత్తగారికి రాసిచ్చినట్టు. అందుకే ఏం కావాలో ఒక కాగితం మీద రాసుకెళ్లి ముందు పెట్టండి, విసుక్కోరు. లెటర్ సారాంశం ఇలా ఉంటే దాదాపు ఏ ప్రశ్నా మిగలదు:

"ఈ పేరు, ఈ పాస్‌పోర్టు నంబరు గల వ్యక్తికి 2 మే నాడు జ్వరం, దగ్గు మొదలయ్యాయి. 3 మే నాటి పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది. 7 మే ఉదయం నుంచి, మాత్రలు లేకుండా, జ్వరం లేదు. 14 మే నాడు నేను స్వయంగా పరీక్షించాను. ఊపిరితిత్తులు బాగున్నాయి, ఆక్సిజన్ 98 శాతం. ఇతరులకు సోకే దశ దాటింది. 18 మే నుంచి 25 మే వరకు సముద్ర ప్రయాణానికి, దానికి ముందూ వెనకా విమాన ప్రయాణానికి వైద్యపరంగా అభ్యంతరం లేదు."

ఈ లెటర్లో ప్రయాణపు తేదీలూ ఉన్నాయి, "స్వయంగా పరీక్షించాను" అన్న మాటా ఉంది. ఈ రెండూ లేని లెటర్లే ఎక్కువగా వెనక్కి తిరిగొస్తాయి. నెల అక్షరాల్లో ఉండాలని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను. ఇంకా దగ్గు మిగిలి ఉంటే అది కూడా రాయించండి. ఫ్లూ తగ్గాక దగ్గు వారాల తరబడి లాగుతుంది. "మిగిలిన దగ్గు సోకేది కాదు" అన్న ఒక్క ముక్క, క్యూలో మీరు దగ్గినప్పుడు అక్కరకొస్తుంది.

5. జబ్బును బట్టి అదనంగా

ఆటలమ్మ అయితే లెటర్లో పొక్కులన్నీ పెచ్చుకట్టాయని ఉండాలి, అప్పటిదాకా అది అంటుకునే జబ్బే. తట్టుకు లెక్క వేరు: దద్దుర్లు మొదలైన రోజు తర్వాత నాలుగు రోజుల వరకు అంటుకుంటుంది కాబట్టి, దద్దుర్లు ఏ తేదీన మొదలయ్యాయో రాయించాలి.

నోరోవైరస్‌తో ఒక చిక్కుంది. మనిషికి తగ్గిపోయినా మలంలో వైరస్ రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు పోతూ ఉంటుంది. అందుకే మల పరీక్ష నెగటివ్ కోసం వెంటపడటంలో అర్థం లేదు; లక్షణాలు ఆగి ఎన్ని గంటలైందన్నదే చూస్తారు. కంపెనీ ఎన్ని గంటలు చెప్పినా, ఆగాక కనీసం 48 గంటలు గడవకుండా ఇంట్లోంచి కదలకపోవడం మంచిది.

క్షయ అయితే మామూలు లెటర్ చాలదు, కఫం పరీక్ష ఫలితాలు, చికిత్స ఎన్నాళ్లుగా సాగుతోందన్న వివరం జతచేయాలి. గుండెపోటు, ఆపరేషన్, న్యుమోనియా లాంటివి తగ్గినవాళ్లను అడిగేది అంటువ్యాధి గురించి కాదు, రెండో భయం గురించి. తాజా ఈసీజీ కాపీ, మెట్లు ఎక్కగలరా, చక్రాల కుర్చీ కావాలా, ఆక్సిజన్ అవసరమా అన్నవి ముందే చెప్పాలి. ఓడ దాకా విమానంలో వెళ్తుంటే ఎయిర్‌లైన్‌కి వేరే మెడికల్ ఫారం ఉండొచ్చు. ఓడ ఒప్పుకున్నంత మాత్రాన విమానం ఒప్పుకోవాలని లేదు.

6. మందుల జాబితా

బ్రాండ్ పేర్లు దేశం దాటితే ఎవరికీ తెలియవు. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు, ఎప్పటిదాకా అన్నది రాయించండి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, విడదీసి డబ్బాలో పోయకండి. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రల మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి. జపాన్‌లో అయితే సూడోఎఫిడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మందులు తీసుకెళ్లడమే నిషేధం. ఓడ ఆగే ప్రతి దేశానికీ ఇది చూసుకోవాలి. మందులు, కాగితాలు రెండూ చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలు రేవులో తీసేసుకుంటారు, క్యాబిన్‌కి చేరేసరికి గంటలు పడుతుంది.

7. ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పండి

పాలసీ తీసుకున్నాక జబ్బు వచ్చినా సరే, ఈమెయిల్లో తెలియజేసి, జవాబు దాచుకోండి. పాలసీకి ముందు కొన్ని నెలల్లో వచ్చిన జబ్బుల్ని పాత జబ్బులుగా లెక్కేసి క్లెయిమ్ తోసిపుచ్చే షరతులు మామూలే. చెప్పకుండా వెళ్లి, ఓడ క్లినిక్‌లో చూపించుకుని, బిల్లు పట్టుకుని తిరిగొస్తే అప్పుడు గొడవ మొదలవుతుంది.

8. కౌంటర్ దగ్గర

ఫైల్లో పైన డాక్టర్ లెటర్, దాని కింద రిపోర్టు, ఆ కింద కంపెనీ ఈమెయిల్. మందుల జాబితా చివర. రెండు సెట్లు ఉంచుకోండి, ఒకటి వాళ్లు తీసుకోవచ్చు. ఫోన్లో కూడా నెట్ లేకుండా తెరుచుకునేలా డౌన్‌లోడ్ చేసి పెట్టండి, రేవు టెర్మినల్స్‌లో సిగ్నల్‌ను నమ్ముకోలేం.

ఫారంలో నిజమే రాయండి. "అవును" అని టిక్ పెడితే దింపేస్తారేమో అన్న భయంతో చాలామంది "లేదు" అని పెడతారు. ఓడ కదిలాక దగ్గుతో క్లినిక్‌కి వెళ్తే ఆ "లేదు" బయటపడుతుంది, ఇన్సూరెన్స్‌కీ అదే సాకవుతుంది. "అవును" పెట్టి, వాళ్లు అడక్కముందే ఫైల్ తెరిచి లెటర్ ముందుకు జరపండి. కౌంటర్లో వాళ్లకు నిర్ణయించే అధికారం లేకపోతే వాదించకుండా, "మీ మెడికల్ స్టాఫ్‌ని ఒకసారి పిలుస్తారా?" అని అడగండి.

లెటర్ తీసుకున్నాక, బయల్దేరేలోపు మళ్లీ జ్వరమో వాంతులో మొదలైతే ఆ లెటర్ ఇక చెల్లదు, దాన్ని చూపించి ఎక్కేయకండి. కంపెనీకి ఫోన్ చేసి, తేదీ మార్పు గురించి ఆరోజే మాట్లాడండి. రేవుకెళ్లి తిరిగి రావడం కంటే అదే నయం.

అన్నీ ఉన్నా ఎక్కనివ్వకపోతే, కదిలే ముందు ఒక్క కాగితం అడిగి తీసుకోండి: మీ పేరు, ఓడ పేరు, తేదీ, టైము, ఎక్కించుకోకపోవడానికి కారణం, రాసినవారి సంతకం. రేవు దాటి బయటికొచ్చాక ఆ కాగితం ఇప్పించుకోవడానికి నెలలు పడుతుంది, ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట అడిగేది మాత్రం అదే.